ఊరి రీడింగ్ రూమ్‌కు లక్కీ డ్రా పెట్టొచ్చా? రాష్ట్రమే లాటరీ పెడితే?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం ఊర్లో రీడింగ్ రూమ్ కట్టాలని వాళ్ల యువజన సంఘం అనుకుంటోంది. 500 రూపాయల కూపన్లు 2,000 కొట్టించి, మొదటి బహుమతిగా బైకు పెట్టి, దసరా నాడు డ్రా తీస్తే పది లక్షలు వస్తాయి, ఖర్చులు పోను ఎనిమిది లక్షలు మిగులుతాయని లెక్క వేసుకున్నారు. ఇంతలో ఒక మిత్రుడు "కేసు అవుతుంది" అన్నాడట, అప్పటి నుంచి టెన్షన్. దాంతోపాటు ఇంకో పెద్ద ప్రశ్న కూడా అడిగాడు. కేరళలో ప్రభుత్వమే లాటరీ నడుపుతోంది, బ్రిటన్‌లో జాతీయ లాటరీ డబ్బుతో ఆటస్థలాలు, మ్యూజియంలు కడుతున్నారు, మన రాష్ట్రం కూడా అట్లాంటిది పెట్టి ఆ డబ్బు నల్గొండ ఫ్లోరైడ్ బాధితులకు, పాలమూరు వలస కూలీల పిల్లలకు ఇవ్వొచ్చు కదా అని.

నేను ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా స్థానిక సంస్థల లెక్కలు ఆడిట్ చేసి రిటైరైనవాణ్ణి. ఫలానా పని కోసమని వసూలు చేసిన డబ్బు ఆ పనికి చేరిందా లేదా అని చూడడమే నా ఉద్యోగం. అందుకే ఈ ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు మీ కూపన్ల సంగతి. ఇంకా ప్రింటింగ్‌కు ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి ఆపించండి. భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వానిది కాని, ప్రభుత్వం అనుమతించని లాటరీకి డ్రా తీసే చోటు నడిపితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అట్లాంటి డ్రా గురించి ప్రకటన వేస్తే 5,000 రూపాయల దాకా జరిమానా. పాత ఐపీసీలో 294-ఏ సెక్షన్ కూడా ఇదే చెప్పేది, ప్రకటనకు జరిమానా మాత్రం అప్పట్లో 1,000 రూపాయల దాకానే. "మంచి పని కోసం" అని కూపన్ మీద అచ్చు వేసినంత మాత్రాన చట్టంలో మినహాయింపు దొరకదు. కొన్ని ఊర్లలో ఇంకోరకం స్కీం నడుస్తుంటుంది. నెలకు ఇంత అని కట్టించుకుని, నెలనెలా డ్రా తీసి ఒకరికి బైకో ప్లాటో ఇచ్చి, గెలిచినవాడు మిగతా కిస్తీలు కట్టనక్కర్లేదంటారు. దాని మీద 1978లోనే ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం వచ్చింది, శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. మన ఇళ్లల్లో వేసే రిజిస్టర్డ్ చిట్టీ వేరు. దానికి 1982 చట్టం ఉంది, అందులో ప్రతి ఒక్కరికీ తన వంతు డబ్బు ఎప్పుడో ఒకప్పుడు చేతికి వస్తుంది.

"వంద కొట్టు, మేకను పట్టు" అని దసరాకు ఎన్ని ఊర్లలో ఫ్లెక్సీలు కట్టడం లేదు అంటారు. నిజమే, కడుతున్నారు. ఎవరూ ఫిర్యాదు చేయనంతకాలం నడుస్తుంది. కానీ మీ సంఘంలో ఉన్నదెవరు? కానిస్టేబుల్‌కు, గ్రూప్-2కు, గురుకులం టీచర్ పోస్టులకు చదివే పిల్లలు. బైకు సంఘంలోని వాళ్ల చుట్టానికే తగిలిందనుకోండి, పడనివాడొకడు స్టేషన్‌కు పోతాడు. ఎఫ్‌ఐఆర్‌లో పదిమంది పేర్లు ఎక్కుతాయి. ఉద్యోగం వచ్చాక పోలీస్ వెరిఫికేషన్ ఫారంలో "మీ మీద ఏమైనా కేసులున్నాయా" అన్న గడి దగ్గర ఆ పిల్లల చెయ్యి ఆగిపోతుంది. రీడింగ్ రూమ్ ఎవరి కోసమో వాళ్లకే నష్టం జరుగుతుంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక పెద్ద ప్రశ్న. మన దేశంలో లాటరీ చట్టం ఎందుకు వచ్చిందో తెలియాలంటే 1990ల నాటి బస్టాండ్లు గుర్తుండాలి. అప్పట్లో సింగిల్ నంబర్ లాటరీ అని ఉండేది. టికెట్ చివర ఒక్క అంకె తగిలితే చాలు, డబ్బు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చాయ్ తాగే హోటల్ పక్కనే ఒక కౌంటర్ ఉండేది. ఫలితం ఫోన్లో వచ్చేది, నల్లబల్ల మీద చాక్‌పీస్‌తో రాసేవాళ్లు. ఒక హమాలీ రోజూ వచ్చేవాడు. పొద్దున లారీ దించిన కూలితో టికెట్లు కొని బీడీకట్టలో మడిచి పెట్టుకునేవాడు. బల్ల మీద అంకె పడగానే బీడీకట్ట తీసి చూసుకుని, ఆ టికెట్లు అక్కడే పారేసి, జేబులో మిగిలిన దాంతో మళ్లీ కొనేవాడు. ఒక సాయంత్రం అతని భార్య చిన్నపిల్లను చంకనేసుకుని వచ్చి కౌంటర్ ముందు నిలబడింది. ఎవరినీ తిట్టలేదు. "ఇయ్యాల్టి కూలి ఎంత మిగిలింది?" అని మాత్రం అడిగింది. అతను బీడీకట్ట చూపించాడు. చేతిలో చాయ్ గ్లాసు పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. ఇప్పటికీ లాటరీ అనే మాట వింటే ఆ అమ్మాయి ముఖమే కళ్ల ముందుకు వస్తుంది.

లాటరీల నియంత్రణ చట్టం 1998లో వచ్చింది. ముందే ప్రకటించిన నంబరు మీద గానీ, ఒంటి అంకె మీద గానీ బహుమతి ఇవ్వకూడదని అందులోని 4వ సెక్షన్ మొదటి మాటగానే చెబుతుంది. టికెట్లు రాష్ట్ర ప్రభుత్వమే తన ముద్రతో అచ్చు వేయాలి. అమ్మిన డబ్బు ప్రభుత్వ ఖాతాలో జమ కావాలి. డ్రా ప్రభుత్వమే, ఆ రాష్ట్రంలోనే తీయాలి. ఒక లాటరీకి వారానికి ఒక్క డ్రా మించకూడదు. బంపర్ డ్రాలు ఏడాదికి ఆరుకు మించకూడదు. గడువులోగా ఎవరూ అడగని బహుమతి సొమ్ము ప్రభుత్వానికే చెందుతుంది. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా కఠిన జైలుశిక్ష. కాగితం మీద మంచి చట్టమే.

ఇందులో చాలామందికి తెలియని ముడి ఒకటుంది. రాజ్యాంగంలో జూదం రాష్ట్రాల జాబితాలో ఉంటే, ప్రభుత్వాలు నడిపే లాటరీ మాత్రం కేంద్ర జాబితాలో 40వ అంశం. బయటి రాష్ట్రాల టికెట్లు తన గడ్డ మీద అమ్మకుండా ఆపే అధికారం ఒక రాష్ట్రానికి 1998 చట్టం 5వ సెక్షన్ ఇస్తుంది. అయితే ఆ అధికారం, తాను కూడా లాటరీ నడపని రాష్ట్రానికే వర్తిస్తుందని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. తాను అమ్ముకుంటూ పక్కవాడి టికెట్లు మాత్రం ఆపడం కుదరదు. తెలంగాణ ఇప్పుడు లాటరీ నడపడం లేదు కాబట్టే బయటి టికెట్లకు తలుపు మూసి ఉంచగలుగుతోంది. తమిళనాడు 2003లో, కర్ణాటక 2007లో లాటరీలు మానేసి తలుపులు మూసుకున్నాయి. మనం ఒక్క లాటరీ పెడితే, అది ఎంత పద్ధతిగా నడిపినా, నాగాలాండ్, సిక్కిం లాంటి రాష్ట్రాల పేరు మీద ప్రైవేటు పంపిణీదారులు అమ్మే టికెట్లు కూడా నల్గొండ క్లాక్ టవర్ దగ్గరికి, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌కు వచ్చి కూర్చుంటాయి. ఆ పంపిణీ వ్యాపారంలో ఎంత డబ్బు తిరుగుతుందో 2024 మార్చిలో బయటపడిన ఎన్నికల బాండ్ల జాబితా చూస్తే తెలుస్తుంది. అందరికంటే ఎక్కువ, 1,368 కోట్ల రూపాయల బాండ్లు కొన్నది ఒక లాటరీ పంపిణీ కంపెనీ.

ఇప్పుడు బ్రిటన్ పద్ధతి. అక్కడ 1993లో చట్టం చేశారు, 1994 నవంబరు 19న మొదటి డ్రా తీశారు. ఇంతవరకు మంచి పనులకు పోయిన మొత్తం 5,000 కోట్ల పౌండ్లు దాటింది. నాకు నచ్చింది ఆ మొత్తం కాదు, దాన్ని మూడు చేతులకు విడగొట్టిన తీరు. టికెట్లు అమ్మేది లైసెన్సు తీసుకున్న ఒక కంపెనీ. ముప్పై ఏళ్లు కామెలాట్ అనే కంపెనీ నడిపింది, 2024 ఫిబ్రవరి నుంచి ఆల్విన్ నడుపుతోంది. ఆ కంపెనీ మీద కన్నేసి ఉంచేది గ్యాంబ్లింగ్ కమిషన్, దానికి అమ్మకాలతో సంబంధం లేదు. మంచి పనుల వాటా నేరుగా ఒక ప్రత్యేక నిధికి పోతుంది. అందులో 40 శాతం ఆరోగ్యం, విద్య, పర్యావరణం, సేవాపనులకు, 20 శాతం క్రీడలకు, 20 శాతం కళలకు, 20 శాతం వారసత్వ కట్టడాలకు. ఈ వాటాలు చట్టం, ప్రభుత్వం ఖరారు చేస్తాయి. కానీ ఏ ఊరి ఏ పనికి ఇవ్వాలన్నది మంత్రి చేతిలో ఉండదు. ఆ రంగం తెలిసిన వేరే సంస్థలు దరఖాస్తులు చూసి నిర్ణయిస్తాయి. ఇచ్చిన ప్రతి గ్రాంటు ఎవరికి, ఎంత, దేనికి అన్నది ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతికి చూసుకోవచ్చు. మీలాంటి ఊరి సంఘం 20,000 పౌండ్ల లోపు సాయానికి సులువైన దరఖాస్తుతో అడగొచ్చు.

నియంత్రణ అంటే ఏమిటో చెప్పడానికి అక్కడి ఒక కేసు చాలు. 2009లో ఒక వ్యక్తి చిరిగిపోయిన టికెట్ తెచ్చి 25 లక్షల పౌండ్ల బహుమతి తీసుకుపోయాడు. టికెట్ మీద బార్‌కోడ్ లేదు. అది దొంగ టికెట్ అని తర్వాత ఏళ్లకు గానీ తేలలేదు. లోపలి మనిషి సాయంతో తయారైన టికెట్ అది. అక్కడ 180 రోజుల్లో ఎవరూ అడగని బహుమతి మంచి పనుల నిధికి పోవాలి. అంటే ఆ దొంగ తీసుకున్నది కంపెనీ డబ్బు కాదు, ఏదో ఊరి ఆటస్థలం డబ్బు. 2016లో కమిషన్ ఆ కంపెనీకి 30 లక్షల పౌండ్ల జరిమానా వేసి, అందులో 25 లక్షలు మంచి పనులకు చేరేలా చేసింది. ఆడిటర్‌గా చెప్తున్నాను, పోయిన డబ్బు ఎవరికి పోవాల్సిందో గుర్తించి వాళ్లకే తిరిగి చేర్చిన ఉత్తర్వు నా సర్వీసులో చాలా అరుదుగా చూశాను.

అంత పద్ధతిలోనూ లోపం దొరికింది. 2017లో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్కలు తీస్తే, 2009-10 నుంచి 2016-17 మధ్య కంపెనీ లాభం 122 శాతం పెరిగింది, మంచి పనుల వాటా 2 శాతమే పెరిగింది. కారణం స్క్రాచ్ కార్డులు. వాటి అమ్మకం పెరిగింది, కానీ వాటిలో మంచి పనులకు పోయే వాటా డ్రా టికెట్లలో కంటే చాలా తక్కువ. ఎవరూ దొంగతనం చేయలేదు, ఒప్పందమే అట్లా రాసుకున్నారు. అందుకే తర్వాతి లైసెన్సులో కంపెనీ లాభాన్ని మంచి పనుల వాటాతో ముడిపెట్టారు. మనం ఏ పథకం రాసుకున్నా ముందుగా చూడాల్సిన చోటు ఇదే: నడిపేవాడికి లాభం ఎక్కడ వస్తోంది, పనికి డబ్బు ఎక్కడ వస్తోంది, ఆ రెండూ ఒకే దారిలో ఉన్నాయా?

క్రీడల సంగతి ఒక్క మాట చెప్పకపోతే అన్యాయం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు ఒకే ఒక్క స్వర్ణం, పట్టికలో 36వ స్థానం. ఆ తర్వాత లాటరీ డబ్బు నేరుగా క్రీడాకారుల శిక్షణకు ఇవ్వడం మొదలుపెట్టారు. 2012 లండన్‌లో 29 స్వర్ణాలు వచ్చాయి. డబ్బు వరుసగా పదిహేనేళ్లు ఆగకుండా వచ్చింది కాబట్టి అది సాధ్యమైంది. మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికో, దేవరకొండ కోటకో, పురుగు పట్టి సెలైన్ సీసాలతో మందు ఎక్కించుకున్న పాలమూరు పిల్లలమర్రికో అట్లాంటి ఆగని నిధి ఉంటే ఎంత బాగుండేదో అని నాకూ ఉంటుంది.

కేరళ వేరే దారి. అక్కడ అమ్మేది, డ్రా తీసేది ప్రభుత్వ లాటరీ శాఖే. 1967లో శాఖ పెట్టారు, 1968 జనవరి 26న మొదటి డ్రా. అప్పుడు టికెట్ ఒక రూపాయి, మొదటి బహుమతి 50,000. ఇప్పుడు ఓణం బంపర్ మొదటి బహుమతి 25 కోట్లు. 2011లో కారుణ్య లాటరీ మొదలుపెట్టి, దాని రాబడిని క్యాన్సర్, గుండె, కిడ్నీ జబ్బులొచ్చిన పేదల వైద్యానికి మళ్లించారు. వికలాంగులు, వయసు పైబడినవాళ్లు టికెట్లు అమ్ముకుని బతుకుతున్నారు, వాళ్లకు సంక్షేమ నిధి బోర్డు కూడా ఉంది. ప్రైవేటు పంపిణీదారుడి చేతిలో పెట్టకుండా శాఖే నడపడం కేరళ చేసిన మంచి పని. కానీ బహుమతులు, ఏజెంట్ల కమిషన్, ఖర్చులు పోగా నికరంగా మిగిలేది అమ్మకంలో చిన్న భాగం. 2025 సెప్టెంబరు 22 నుంచి లాటరీ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతం అయింది కాబట్టి అది ఇంకా కష్టం. గెలిచినవాడికీ మొత్తం రాదు. పెద్ద బహుమతిలో పది శాతం ఏజెంటుకు, మిగిలిన దాని మీద 30 శాతం ఆదాయపు పన్ను, ఆ పైన సర్‌ఛార్జ్, సెస్.

ఇప్పుడు నా అనుభవం చెప్పాల్సిన చోటుకు వచ్చాం. ఫలానా పని కోసమని తీసుకున్న డబ్బు మన దగ్గర ఏమవుతుంది?

మీరు మున్సిపాలిటీలో ఇంటి పన్ను కడితే అందులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం అది. ఆ డబ్బు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలి, మున్సిపాలిటీ దాన్ని ముట్టుకోకూడదు. ఒకసారి ఒక మున్సిపాలిటీలో ఆడిట్‌కు కూర్చున్నాను, పేరు చెప్పను. వసూళ్ల రిజిస్టర్లో సెస్ కాలమ్ చక్కగా నిండి ఉంది, పైసలతో సహా కూడిక సరిపోయింది. చెల్లింపుల పుస్తకం తిప్పితే గ్రంథాలయ సంస్థ పేరు ఎక్కడా లేదు. నాలుగేళ్లది బాకీ. అకౌంటెంట్‌ను అడిగాను. అతను చెడ్డవాడు కాదు, తలవంచుకుని నిజం చెప్పాడు. "సార్, కరెంటు బిల్లు కట్టకపోతే వీధి దీపాలు కట్ చేస్తారు. జీతాలు ఆపితే సఫాయి వాళ్లు పని ఆపుతారు. లైబ్రరీ వాళ్లు ఏం చేస్తారు సార్?" ఆ సాయంత్రం అక్కడి లైబ్రరీకి నడిచిపోయాను. పేపర్ ఏజెంటుకు బాకీ పడి ఇంగ్లిష్ పేపర్ ఆపేశారు. ఒక పిల్లవాడు పాత మ్యాగజైన్ అట్ట వెనకాల కరెంట్ అఫైర్స్ పాయింట్లు రాసుకుంటున్నాడు.

నేను ఆడిట్ పేరా రాశాను, కొంత డబ్బు తర్వాత కట్టారు. కానీ ఆ అకౌంటెంట్ మాట నాతోనే ఉండిపోయింది. అడిగే గొంతు లేని పని కోసం తీసిన డబ్బు, అరిచే పనికి పోతుంది. చట్టబద్ధంగా వసూలయ్యే సెస్సుకే ఈ గతి పడితే, లాటరీ డబ్బు ఫ్లోరైడ్ బాధితులకు నేరుగా చేరుతుందని నేనెట్లా నమ్మాలి?

ఫ్లోరైడ్ సంగతి వేరే కారణంగా కూడా ఆలోచించాలి. బ్రిటన్‌లో ఒక నియమం పాటించాలని చూస్తారు: ప్రభుత్వం బడ్జెట్ నుంచి చేయాల్సిన పనికి లాటరీ డబ్బు వాడకూడదు, అది అదనంగానే ఉండాలి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకుండా చూడడం ప్రభుత్వం బాధ్యత. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వంగిపోయిన నడుములతో, ముడుచుకుపోయిన కాళ్లతో బతుకుతున్నవాళ్లకు పింఛను, వైద్యం, చక్రాల కుర్చీ ఇవ్వడం కూడా ప్రభుత్వం బాధ్యతే. కృష్ణా నీళ్లు ఆ ఊర్లకు రావడానికి తరాల పోరాటం పట్టింది. ఆ హక్కును ఈ వారం ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయన్న లెక్కకు కట్టేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. లాటరీ నిధి ఉందంటే, బడ్జెట్ తయారయ్యేటప్పుడు "వాళ్లకు అది ఉంది కదా" అని ఈ పద్దు తగ్గించేస్తారు. పైకి కొత్త డబ్బు వచ్చినట్టు కనిపిస్తుంది, పాతది మెల్లగా మాయమవుతుంది.

ఇంకొకటి, అన్నిటికంటే నన్ను బాధపెట్టేది. టికెట్లు కొనేదెవరు? పెద్ద బంగళాల వాళ్లు కాదు. బ్రిటన్ లోట్టో ఇప్పుడు 59 అంకెల్లో ఆరు తగలాలి, మొదటి బహుమతి అవకాశం నాలుగున్నర కోట్లలో ఒకటి. ఆ లెక్క తెలిసినవాడు సరదాకు ఒక టికెట్ కొని మర్చిపోతాడు. అప్పుల్లో ఉన్నవాడు మాత్రం ఇంకో దారి కనబడక పది కొంటాడు. ముంబై, పుణె పోయి తట్ట మోసి తిరిగొచ్చిన పాలమూరు కూలీ చేతిలో ఆ టికెట్లు పెట్టి, ఆ డబ్బులో కొంత తీసి అతని పిల్లల హాస్టల్‌కు ఇస్తామంటే, అతని కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో కొంచెం వేసినట్టే.

అందుకని నా మాట సూటిగా చెప్తున్నాను: మన రాష్ట్రానికి లాటరీ వద్దు. ఎప్పుడైనా ఏ ప్రభుత్వమైనా పెడతానంటే, అమ్మేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, పంచేవాళ్లు వేరువేరుగా ఉండాలని, పంచిన ప్రతి రూపాయి ఊరి పేరుతో సహా బయట కనబడాలని పట్టుబట్టండి. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. ఆ తలుపు అంత కష్టపడి మూసి, ఈ తలుపు తెరవడంలో అర్థం లేదు. (మధ్యలో ఒక మాట: "మీకు కేరళ లాటరీ తగిలింది, ముందు జీఎస్టీ కట్టండి" అని వాట్సాప్ వస్తే అది మోసం. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.)

మరి రీడింగ్ రూమ్ సంగతేంటి? నిజానికి మన ప్రాంతంలోనే ఒక పద్ధతి ఉంది. బ్రిటన్‌లో లాటరీ మొదలైన 1994లోనే మన రంగారెడ్డి జిల్లా బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూ మొదటిసారి వేలం వేశారు, 450 రూపాయలకు పోయింది. 2025లో అదే లడ్డూ 35 లక్షలు పలికింది. ఆ డబ్బుతో ఊర్లో గుడి, బడి, ఇతర పనులు చేసుకుంటున్నారు. వేలంలో ఇచ్చేవాడు ఉన్నవాడు, తెలిసి ఇస్తాడు, నలుగురి ముందు ఇస్తాడు, ఎంత వచ్చిందో మైకులో అందరికీ వినబడుతుంది. ఓడిపోయినవాడి జేబులోంచి ఒక్క రూపాయి కూడా పోదు. మీ ఊరి లడ్డూ ముప్పై వేలు పలికినా చాలు, మొదలుపెట్టడానికి.

ఆ తర్వాత సంఘాన్ని తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద రిజిస్టర్ చేయించి, సంఘం పేరు మీదే బ్యాంకు ఖాతా తెరవండి. ఇద్దరి సంతకాలు లేకుండా డబ్బు తీయకుండా పెట్టుకోండి. 500 రూపాయల కూపనే అమ్మాలని ఉంటే దాన్ని 500 రూపాయల చందా రశీదుగా మార్చండి, బైకు తీసేసి. రెండు వేల మంది ఇవ్వరు, నాకు తెలుసు. మూడు వందల మంది ఇస్తారు, అందులో హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్న మీ ఊరివాళ్లు ఐదు వందల దగ్గర ఆగరు.

ఇంకా పెద్ద మూట జిల్లాలోనే ఉంది. గనులున్న ప్రతి జిల్లాకు 2015 నుంచి జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి ఉంది. గనుల లీజుదారులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, లీజును బట్టి దానిలో 10 శాతం లేదా 30 శాతం అందులో కట్టాలి. సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలున్న ఉమ్మడి నల్గొండలో ఇది చిన్న మొత్తం కాదు. గనుల ప్రభావం ఉన్న ఊర్లకే మొదటి హక్కు కాబట్టి మీ ఊరు ఆ పరిధిలోకి వస్తుందో లేదో ముందు కనుక్కోండి. విద్య అందులో మొదటి ప్రాధాన్యం ఉన్న పనుల్లో ఒకటి. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది, జిల్లాలోని ఫ్యాక్టరీకి ఒక దరఖాస్తు పెట్టండి. గ్రామ పంచాయతీ తీర్మానం, స్థలం కాగితం, ఇంజినీరుతో వేయించిన ఎస్టిమేట్, ఈ మూడూ జతచేయకుండా ఎక్కడికీ పోకండి. నేను చూసిన దరఖాస్తుల్లో సగం ఎస్టిమేట్ లేకనే మూలకు పడ్డాయి.

పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద మీ జిల్లా గ్రంథాలయ సంస్థను కూడా ఒక ప్రశ్న అడగండి: ఏ స్థానిక సంస్థ నుంచి ఎంత లైబ్రరీ సెస్ రావాలి, ఎంత వచ్చింది? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చాక ఇక్కడే పెట్టండి, ఆ అంకెలు ఎట్లా చదవాలో నేను చెప్తాను. ఎస్టిమేట్ వేయించాక అది కూడా పంపండి, ఎక్కడ ఎక్కువ వేశారో చూసి పెడతాను.